పద్దెనిమిదో చానెల్‌లో వెర్నా

కారవాన్ వెనక కిటికీ కింద నీలిరంగు అక్షరాలతో రెండు పేర్లున్నాయి: డెంజిల్, వెర్నా. వాటి కింద కాస్త చిన్నగా, చానెల్ 18. పన్నెండేళ్ల కిందట, దక్షిణపు ఒడ్డున తమ ఊరు మూంటాలో బోర్డులు తయారుచేసే దుకాణంలో ఆ అక్షరాలు కత్తిరింపించి తెచ్చి, వాకిట్లో స్టూలు వేసుకుని వెర్నాయే అతికించింది. "నీ పేరెందుకు ముందు?" అని తనే అడిగి, "పోనీలే, తోలే కష్టం నీదేగా" అని తనే సమాధానపడింది. తన పేరులో ఆఖరి అక్షరం కాస్త పైకి ఎగిరింది. డెంజిల్ సరిచేస్తానంటే ఒప్పుకోలేదు. "ఉండనీ. ఈ ఇంట్లో నేనైనా కాస్త తలెత్తుకుని ఉంటాను" అంది.

ఇల్లు వెనక తగిలించుకుని ఎడారి రోడ్ల మీద తిరిగేవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. వెనక వచ్చేవాళ్లు పేర్లు చదువుకుని, రేడియోలో ఆ చానెల్ పెట్టి, పేరు పెట్టి పలకరిస్తారు. దాటుకుని పోవచ్చా అని అడుగుతారు. ముందు రోడ్డు మీద ఆవులున్నాయని చెబుతారు. మొహాలు చూసుకోకుండానే చుట్టరికం కలుస్తుంది.

వెర్నా పోయి పది నెలలయింది. పేరు మాత్రం బండి వెనక అలాగే ఉంది.

ఈ పది నెలల్లో డెంజిల్ నోటితో ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. అనవలసిన అవసరం రాకుండా జరిగిపోయింది. నవంబరులో ఒక తెల్లవారుజామున ఆసుపత్రి గదిలో ఆ నిమిషం దాటిపోయాక, ఎడారి నడిమధ్య ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉన్న కూతురికి ఫోన్ కలిపాడు. అవతల "నాన్నా?" అన్న గొంతు వినబడగానే ఫోను పక్కనున్న నర్సు చేతికిచ్చేశాడు. ఆమే చెప్పింది. మిగతా అందరికీ కూతురు లినెట్ చెప్పింది. మూంటా చిన్న ఊరు. మర్నాడు రొట్టెల కొట్టుకి వెళితే వార్త తనకన్నా ముందే అక్కడికి చేరింది. కౌంటరు వెనక ఉన్న ఆమె ఒక బన్ను ఎక్కువ పెట్టి ఇచ్చింది. ముప్ఫయ్యొక్క ఏళ్లు హైస్కూల్లో భూగోళం చెప్పిన మనిషి. నీళ్లు లేని నదుల గురించి, ఉప్పు తేరిన సరస్సుల గురించి గంటలకొద్దీ మాట్లాడగలడు. రెండు ముక్కల వాక్యం మాత్రం గొంతు దాటేది కాదు.

"రా నాన్నా, కొన్నాళ్లు నా దగ్గర ఉందువుగాని" అంది లినెట్ ఆగస్టులో. "బండి తోలుకునే రా. కానీ ఒక్కటి చెయ్యి. ఆ పేరు తీసేసి రా. అది వెనకాల వేసుకుని నా గేటు ముందు ఆగావంటే, అమ్మ ఇప్పుడే దిగుతుందని చూస్తాను. నా వల్ల కాదు."

"అలాగే తల్లీ" అన్నాడు.

జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడి చేస్తే అక్షరాలు సులువుగా ఊడొస్తాయని బోర్డుల దుకాణంలో చెప్పారు. ఆ మిషను వెర్నాది. కారవాన్‌లో ఆమె సొరుగులోనే ఉంది. సెప్టెంబరు మూడో వారంలో బయల్దేరిన దగ్గర్నుంచి ప్రతి పొద్దున్నా సొరుగు తీయడం, మిషను చూడడం, సొరుగు మూయడం. ఇవాళ గాలి ఎక్కువగా ఉంది. ఇవాళ ఈగలు ఎక్కువగా ఉన్నాయి. రేపు చూద్దాం.

అక్కడ సెప్టెంబరంటే చలికాలం చివర. చలికాలమంతా ఉత్తరాన గడిపినవాళ్లు ఎండలు ముదురుతున్నాయని దక్షిణానికి ఇళ్లకు తిరిగిపోయే రోజులవి. డెంజిల్ ఒక్కడే ఎదురు పోతున్నట్టుంది. ఎదురొచ్చే ప్రతి బండిలోంచీ స్టీరింగ్ మీద ఒక వేలు లేచేది. డెంజిల్ వేలూ లేచేది. మనిషికి రోజుకి అంత పలకరింపు చాలు అనిపించేది.

పింబా ఊరు దాటాక, రెండో రోజు, రేడియోలో ఒక ఆడగొంతు పలికింది.

"డెంజిల్, వెర్నా! మీ వెనకాల తెల్లబండి మాదే. నేను గ్లెనిస్, మా ఆయన ఆర్చీ. వింటున్నారా?"

"వింటున్నాం" అన్నాడు డెంజిల్. అని నాలిక్కరుచుకున్నాడు.

"వెర్నాకివ్వండి బాబూ మైకు. మూడు రోజుల్నించి ఈయన గొంతు తప్ప ఇంకో గొంతు వినలేదు. చెవులు తుప్పు పట్టాయి."

డెంజిల్ పక్క సీటు వైపు చూశాడు. మ్యాపుల పుస్తకం, నీళ్ల సీసా, ఆమె ఎండ టోపీ.

"వెనక సీట్లో పడుకుంది. నిద్రపోతోంది."

"అయ్యో, లేపకండి. నిద్రపట్టే ఆడది అదృష్టవంతురాలు" అంది గ్లెనిస్. తెల్లబండి దాటుకుని పోయింది. వాళ్ల బండి వెనక 'ఆర్చీ, గ్లెనిస్' అని, పక్కన పాలిచ్చే ఆవు బొమ్మ.

గంటకి వంద కిలోమీటర్ల వేగంతో పోయేవాళ్లకి చెప్పిన అబద్ధం ఇక వెనక్కి రాదనుకున్నాడు డెంజిల్. భూగోళం మాస్టారు మరిచిపోయిన సంగతేమిటంటే, ఆ ఎడారిలో ఉత్తరానికి పోయే రోడ్డు ఒక్కటే.

మర్నాడు కూబర్ పీడీలో తాగేనీళ్లు పట్టుకునే చోట వాళ్లే కనబడ్డారు. ఆర్చీ పొట్టిగా, ఎర్రగా ఉన్నాడు. విక్టోరియాలో నలభై ఏళ్లు పాడి చేసి, మందను అమ్మేసి, కొడుక్కి బిడ్డ పుడితే చూడడానికి ఆలిస్ స్ప్రింగ్స్ పోతున్నారట. గ్లెనిస్ అతనికన్నా జానెడు పొడుగు.

"ఏదీ వెర్నా?" అంది రాగానే. "ఆ చివరి అక్షరం అతికించిన చెయ్యి చూడాలని ఉంది నాకు."

"ఊళ్లోకి వెళ్లింది. ఒపల్ రంగురాళ్ల కొట్లు చూసొస్తానని."

"ఒంటరిగా పంపారా? పర్సు మీ దగ్గరే ఉందా?" అన్నాడు ఆర్చీ. "మీరు నయమే, పంపారు. నేనైతే మొత్తానికే వదిలేశా ఒకసారి. నల్లార్‌బర్ మైదానంలో. ఈవిడ వెనక సీట్లో ముసుగుతన్ని పడుకుందనుకుని బండి కదిలించేశాను. ఈవిడేమో బాత్రూంలో ఉంది. ఎనభై కిలోమీటర్లు పోయాక కాస్త టీ పొయ్యమన్నా. పలకదే! అలిగిందనుకున్నా."

"అలిగిందనుకుని ఇంకో ఇరవై పోయాడండీ. అదీ ఈయన తెలివి" అంది గ్లెనిస్.

డెంజిల్ నవ్వాడు. చాలా రోజులకు వచ్చిన నవ్వు. గ్లెనిస్ బండిలోంచి క్విన్స్ పండ్ల జామ్ సీసా ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. "వెర్నాకివ్వండి. మీరు తినెయ్యకండి."

ఆ పూటంతా డెంజిల్‌కి వింతగా గడిచింది. ఉత్తరానికి తోలుతున్నాడే గాని, వెర్నా నిజంగానే ఆ ఊళ్లో ఏ కొట్లోనో రాయిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని కొట్టువాడితో బేరమాడుతున్నట్టు ఉంది. అబద్ధమని తెలుసు. తెలిసీ దానికి కాస్త దగ్గరగా జరిగి కూర్చున్నాడు, చలిమంటకు జరిగినట్టు. సాయంత్రం రొట్టెకి జామ్ రాసుకుని తిన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆ అబద్ధం బెడిసికొట్టింది.

అది చుట్టూ నూరు కిలోమీటర్ల దాకా ఇంకో కప్పు లేని రోడ్‌హౌస్. డీజిలు పంపులు రెండు, వంటగది, రేకుల కింద బెంచీ ఒకటి. ఎండ ముప్ఫయ్యారు డిగ్రీలుంది. డెంజిల్ డీజిలు పోసుకుని, లోపల డబ్బు కట్టి బయటికొచ్చేసరికి తెల్లబండి వచ్చి ఆగింది.

"దొరికారు!" అంది గ్లెనిస్ దిగుతూనే. "ఏదీ ఆవిడ?"

"బాత్రూంకి వెళ్లింది" అన్నాడు. నోరు దానంతటదే చెప్పేసింది.

"అయితే మంచిది. ఇవాళ ఆవిడ మొహం చూడకుండా బండెక్కేది లేదు" అని గ్లెనిస్ భవనం వెనక్కి చకచకా నడిచింది. ఆర్చీ డబ్బు కట్టడానికి లోపలికి పోయాడు.

అప్పుడు చెప్పి ఉండవలసింది. రెండు ముక్కలే. గ్లెనిస్ వీపు ఇంకా కనబడుతూనే ఉంది, పిలిస్తే వినబడుతుంది. డెంజిల్ నోరు తెరిచాడు. ఎండిన గాలి లోపలికి పోయింది తప్ప మాట బయటికి రాలేదు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, దొంగతనం చేసినవాడిలా కారెక్కి, రేడియో కట్టేసి, రోడ్డెక్కాడు.

తీరా రోడ్డెక్కాక మరీ సిగ్గేసింది. అయినా తోలుతూనే ఉన్నాడు. ఎర్రనేల, ముల్గా తుమ్మచెట్లు, మళ్లీ ఎర్రనేల. నలభై కిలోమీటర్లు గడిచాక ఎదురొచ్చే కారవాన్‌లోంచి ఒక వేలు కాదు, అరచెయ్యి మొత్తం లేచి అటూ ఇటూ ఊగింది. ఎవరో హుషారు మనిషి అనుకున్నాడు. తర్వాతి బండిలో ఆడమనిషి రెండు చేతులూ ఊపింది. ఆ వెనక మూడు పెట్టెల పెద్ద లారీ దీపాలు ఆర్పి వెలిగించి, ఆర్పి వెలిగించి, హారన్ కొట్టుకుంటూ పోయింది.

డెంజిల్ అద్దాల్లోకి చూశాడు. కారవాన్ తలుపు తెరుచుకుందా? పొగ వస్తోందా? యాభై ఎనిమిదో కిలోమీటరు దగ్గర పక్కకు తీసి ఆపి, దిగి, చుట్టూ తిరిగి చూశాడు. తలుపు వేసే ఉంది. టైర్లు బాగున్నాయి. గ్యాసు కట్టేసే ఉంది. వెనక రెండు పేర్లూ దుమ్ములో ఉన్నాయి. ఏమీ అర్థంకాక, కారెక్కి రేడియో పెట్టాడు.

"...వెర్నా. పేరు వెర్నా. డెబ్భై దాటి ఉంటాయట" అంటోంది ఒక మగగొంతు. "రోడ్‌హౌస్‌లో ఉండిపోయింది. మొగుడు చూసుకోకుండా వెళ్లిపోయాడు. తెల్ల కారవాన్, నీలి అక్షరాలు. ఎవరికైనా కనబడితే ఆపండి."

"మా బావమరిదీ ఇంతే" అని ఇంకో గొంతు నవ్వింది. "పెళ్లాన్ని వదిలేసి, కుక్కను ఎక్కించుకుని పోయాడు."

"నవ్వే సంగతి కాదురా అది. ఆవిడ బాత్రూంలోనూ లేదట, కొట్లోనూ లేదట. మొగుణ్ణి వెతుక్కుంటూ ఎండలో నడుచుకుంటూ పోయిందేమోనని భయం. వంటావిడ పొయ్యి ఆర్పేసి వెతుకుతోందట."

"నేను వెనక్కి తిప్పుతున్నా. రోడ్డు పక్కన చూసుకుంటూ వస్తా. వెర్నాయేనా పేరు?"

"వెర్నాయే."

"వెర్నా! వినబడుతోందా అమ్మా? ఎవరి బండిలోనన్నా ఎక్కావా?"

ఆ రేడియోలు ఎక్కువ దూరం పట్టవు. పది పదిహేను కిలోమీటర్లకు మాట నీరసిస్తుంది. అందుకని ఒక లారీవాడు విన్నది తర్వాతి లారీవాడికి చెబుతున్నాడు. మాట చేతులు మారుతూ రోడ్డు పొడవునా పోతోంది. ముసలి గొంతులు, పడుచు గొంతులు, ఇసుకలో అరిగినట్టున్న గొంతులు. అన్నిట్లోనూ ఒకటే పేరు. వెర్నా. వెర్నా.

డెంజిల్ మైకు చేత్తో పట్టుకున్నాడు గాని మీట నొక్కలేదు.

పది నెలలుగా ఆమెను ఎరిగినవాళ్లెవరూ ఆ పేరు పైకి అనలేదు. అందరూ 'ఆవిడ' అనేవాళ్లు, 'మీ ఇంట్లో' అనేవాళ్లు, మధ్యలో ఆగి దగ్గేవాళ్లు. ఇప్పుడు ఎన్నడూ చూడనివాళ్లు ఎన్నాళ్లనుంచో ఎరిగినట్టు ఆమెను కేకేస్తున్నారు. వాళ్లకు వెర్నా తప్పిపోయింది, అంతే. తప్పిపోయిన మనిషి దొరుకుతుంది. ఏ చెట్టు నీడనో కూర్చుని, టోపీతో విసురుకుంటూ, "ఇంతసేపా రావడానికి?" అంటుంది. కళ్లు మూసుకుని డెంజిల్ ఆ చెట్టును చూశాడు. ఒక్క నిమిషం. బహుశా రెండు.

"అక్కడ ముగ్గురు పొదల్లోకి దిగారట. ఎండ మాడ్చేస్తోందట. ఆ పొడుగావిడ కళ్లు తిరిగి కూర్చుందట" అంది రేడియో. "పోలీసులకు చెప్పమంటారా?"

డెంజిల్ మీట నొక్కాడు.

"నేను డెంజిల్‌ని." గొంతు తనది కానట్టుంది. "వెతకొద్దు. ఎవరూ వెతకొద్దు."

"ఎక్కడున్నావయ్యా! ఆవిడ నీతోనే ఉందా?"

"లేదు." పక్క సీట్లోని టోపీ వైపు చూశాడు. "వెర్నా చనిపోయింది. నవంబరులో. నేనే... అబద్ధం చెప్పాను. నా భార్య చనిపోయింది."

రేడియోలో సన్నని గరగర, అంతే.

తర్వాత నిదానంగా ఒక గొంతు వచ్చింది. లారీ తోలే మనిషి కాబోలు, వెనక ఇంజను మోత. "విన్నాను పెద్దాయనా. నేను చెబుతాలే వాళ్లకి." ఆపైన అతను దక్షిణం వైపు తిరిగి మాట్లాడినట్టే వినబడింది. "వెతకడం ఆపండి. ఆయన భార్య చనిపోయిందట. నవంబరులో."

ఇంకాస్త దూరంగా మరో గొంతు: "ఆ తల్లి ఎప్పుడో పోయిందట. లోపలికి రమ్మనండి అందర్నీ."

ఇంకా దూరంగా, గింజంత సన్నగా: "...పోయిందట. పాపం ఆయన ఒక్కడే ఉన్నాడట..."

తను పది నెలలు మోసిన వాక్యాన్ని ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకరి తర్వాత ఒకరు అందుకుని మోసుకుపోతుంటే, డెంజిల్ స్టీరింగ్ మీద నుదురు ఆనించి విన్నాడు. చివరికి మాటలు వినబడలేదు.

"నువ్వు సాగిపో పెద్దాయనా" అన్నాడు లారీ మనిషి. "ఎవరూ ఏమీ అనుకోరు."

"లేదు బాబూ. వెనక్కి పోతాను. ఎండలో తిరిగినవాళ్లకి మొహం చూపించాలి."

చూపించాలంటే ముందు బండి తిప్పాలి. వెర్నా పోయాక డెంజిల్ కారవాన్‌ని ఒక్క గజం కూడా వెనక్కి నడపలేదు. దారిలో బసకి ఆగినచోటల్లా, ఒకవైపు నుంచి వెళ్లి ఇంకోవైపు నుంచి బయటపడే జాగాలే వెతుక్కున్నాడు. కారవాన్‌ని వెనక్కి నడపడమనేది ఇద్దరి పని. ఒకరు తోలాలి, ఒకరు వెనక కుడిపక్క అద్దంలో కనబడేచోట నిలబడి సైగలు చెయ్యాలి. వెర్నా సైగలు వెర్నావే. ఎడమ చెయ్యి చాపితే ఎడమకు. టోపీ ఊపితే ఇంకాస్త రా. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంటే ఆగు మహానుభావా అని. పన్నెండేళ్లలో వాళ్లు మాట్లాడుకున్న మాటల్లో సగం ఆ వేళప్పుడే.

రోడ్డు పక్కన కంకర తవ్విన పాత గుంట దగ్గరికి ఒక మట్టిదారి ఉంది. అందులోకి వెనక్కి పెట్టాలి. మొదటిసారి కారవాన్ అడ్డం తిరిగింది. రెండోసారీ అంతే. ప్రతిసారీ దిగి, వెనక్కి నడిచి, ఎంత జాగా ఉందో చూసి, మళ్లీ ఎక్కాడు. నాలుగోసారో ఐదోసారో దిగినప్పుడు, తను నిలబడ్డది సరిగ్గా ఆమె నిలబడేచోటు అని తోచింది. తలెత్తి చూశాడు. కారు పక్క అద్దంలో ఖాళీ సీటు కనబడుతోంది. ఇన్నేళ్లూ అందులో తన మొహం ఉండేదన్నమాట. ఆమె దాన్నే చూస్తూ నిలబడి తిట్టేదన్నమాట. కాసేపు అక్కడే ఉన్నాడు. ఏడోసారికి బండి తిరిగింది.

రోడ్‌హౌస్ దగ్గర పది పన్నెండు బండ్లు ఆగి ఉన్నాయి. రేకుల నీడలో అందరూ నీళ్లు తాగుతున్నారు. మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము. డెంజిల్ దిగగానే గ్లెనిస్ లేచి వచ్చింది. మొహం కమిలి, జుట్టులో ముళ్లు ఉన్నాయి.

"ఆ పొదల్లో వెర్నా, వెర్నా అని అరిచి అరిచి గొంతు పోయింది నాకు! తెలుసా మీకు?" చేతిలో టోపీతో అతని భుజం మీద కొట్టింది. "పాము కరిచిందేమో అనుకున్నా. గుంటలో పడిందేమో అనుకున్నా. ఏ పొద వెనక చూడాల్సొస్తుందోనని చచ్చిపోయా!" ఇంకో దెబ్బ వేయబోయి, టోపీ కింద పడేసి, అతన్ని పట్టుకుని భోరుమంది. డెంజిల్ కూడా ఏడ్చాడు. ఆర్చీ పక్కన నిలబడి ఈగలు తోలుతూ ఉండిపోయాడు. తనవి కాదు, వాళ్లిద్దరి మొహాల మీది ఈగలు.

"తప్పయింది" అన్నాడు డెంజిల్ అందరి వైపూ తిరిగి. "మీ అందర్నీ..."

"ఊరుకోండి సార్. నా పొయ్యి ఎలాగూ కడగాలి ఇవాళ" అంది వంటావిడ. చల్లని తడి తువ్వాలు తెచ్చి అతని మెడ మీద వేసింది.

"నేను చెబుతూనే ఉన్నా వీళ్లకి" అంది బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దామె. నల్లని మొహం, నెరిసిన జుట్టు, కాళ్లకు చెప్పుల్లేవు. తెల్లవాళ్లు రాకముందునుంచీ ఆ నేల మీద ఉన్న ఆదివాసుల్లో ఒకామె. పేరు ఐవీ. పడమటి ఊరికి పోయే బండి కోసం పొద్దున్నుంచీ అక్కడే ఉంది. "ఆ కార్లోంచి దిగింది ఒక్కడే. ఎక్కిందీ ఒక్కడే. నా కళ్ల ముందే. ఈ ముసలిది చెబితే ఎవడు వింటాడు?"

"నిజమే ఆంటీ. మేం వినలేదు" అన్నాడు ఆర్చీ, వాళ్లలో పెద్దవాళ్లను పిలిచే పిలుపుతోనే, తల గోక్కుంటూ.

ఐవీ లేచి డెంజిల్ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. ఊపలేదు, ఊరికే పట్టుకుని వదిలింది. అది చూసి వెనకాల ఒక్కొక్కరే వచ్చారు. లారీవాళ్లు, కారవాన్‌ల వాళ్లు, వంటావిడ. ఒక్కొక్కరే చెయ్యి పట్టుకుని వదిలారు. అంత్యక్రియలప్పుడు చర్చిలో కూడా ఇలా జరగలేదు. అక్కడ డెంజిల్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఐవీ కారవాన్ వెనక్కి నడిచి వెళ్లి, అక్షరాలు చూసి వచ్చింది.

"అది ఆవిడ పేరేనా?"

"అవును. మా అమ్మాయి తీసెయ్యమంది. తియ్యలేకపోతున్నాను."

"ఎందుకు తియ్యడం?" అంది ఐవీ. "మేమైతే కొంతకాలం పోయినవాళ్ల పేరు అనం. ఫోటో ఉంటే కప్పి పెడతాం. నొప్పి కాస్త సర్దుకున్నాక మళ్లీ తీస్తాం. ఎక్కడికీ పోదు." బెంచీ మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. "ఇవాళ చాలాసార్లు పిలిచారు. ఇక పడుకోనివ్వండి ఆమెను."

డెంజిల్ ఆర్చీని టేపు ఉందా అని అడిగాడు. కారవాన్ ఉన్నవాడి దగ్గర ఇంకేం లేకపోయినా వెడల్పాటి వెండిరంగు టేపు ఉంటుంది. డెంజిల్ తన చొక్కాతో ఆ పేరు మీది దుమ్ము తుడిచి, ఎడమనుంచి కుడికి నిదానంగా టేపు వేశాడు. ఒక పట్టీ సరిపోలేదు. ఆఖరి అక్షరం తల బయటికే ఉంది. దానికోసం ఇంకో చిన్న ముక్క కత్తిరించి, అరచేత్తో అదిమి, చెయ్యి కాసేపు అక్కడే ఉంచాడు.

"ఆ జామ్ ఏం చేశారు?" అంది గ్లెనిస్ ముక్కు తుడుచుకుంటూ.

"సగం తినేశాను."

"నాకు తెలుసు."

సాయంత్రం నీడలు రోడ్డు దాటేవేళకు బండ్లు ఒక్కొక్కటే కదిలాయి. ఐవీని ఆర్చీవాళ్లు పడమటి మలుపు దాకా దింపుతామన్నారు. డెంజిల్ ఆ రాత్రికి అక్కడే ఉండిపోతానన్నాడు. వంటావిడ గోడకున్న ఫోను చూపించి, వంటగది తలుపు మూసుకుని లోపలికి వెళ్లిపోయింది.

"లినెట్."

"నాన్నా! ఎక్కడున్నావు? గొంతేమిటి అలా ఉంది?"

"మీ అమ్మ చనిపోయిందమ్మా."

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది.

"తెలుసు నాన్నా" అంది మెల్లిగా.

"తెలుసు, నీకు తెలుసు. కానీ అది నేను చెప్పాలి. ఆ రోజు నువ్వు నాన్నా అన్నావు, నేను ఫోను వేరేవాళ్లకిచ్చేశాను." గోడకు ఆనుకున్నాడు. "పొద్దున్న అయిదింటికి. కిటికీ తెరవమంది. తెరిచాను. తిరిగొచ్చి పక్కన కూర్చున్నాను... నొప్పి లేదమ్మా. నా చెయ్యి పట్టుకునే ఉంది."

లినెట్ ఏడుస్తోంది. నవంబరులో అందరికీ ఫోన్లు చేసిన పిల్ల, శవపేటిక రంగు ఎంచిన పిల్ల, తండ్రి దగ్గర ఒక్కసారీ ఏడవని పిల్ల. డెంజిల్ ఫోను చెవికి గట్టిగా అదుముకుని అంతా విన్నాడు. ఈసారి ఎవరికీ ఇవ్వలేదు.

"పేరు తియ్యలేదు నేను" అన్నాడు ఆమె తేరుకున్నాక. "టేపు వేసి కప్పాను. రావచ్చునా?"

"రా నాన్నా." ముక్కు ఎగబీల్చింది. "మా గేటు ఇరుకు. వెనక్కి పెట్టి తేవాలి. నేను వెనకాల నిలబడతాలే."

"నీకు సైగలు వచ్చా?"

"రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంటే ఆగాలి" అంది లినెట్. "అంతేగా?"

"అంతే" అన్నాడు డెంజిల్.